నాంపల్లి, ఆబిడ్సు

రాజుల చరిత్రము శాసనములలో నుండును. రాజ్యముల చరిత్రము గ్రంథములలో నుండును. పేటల చరిత్రము మాత్రము తఱచుగా వాని పేర్లలో దాగియుండును. ఒక వీధి పేరు, ఒక కూడలి పేరు, ఒక తోట పేరు నిత్యము మన నోట మెలగుచునే యుండును. కాని యా పేరు వెనుక నున్న మనుష్యుని గూర్చి మనము విచారింపము.

హైదరాబాదు నగరమున నాంపల్లి, ఆబిడ్సు అను రెండు పేటలు ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి. ఒక పేట నడుమనుండి మఱియొక పేట నడుమకు నడచి పోవుటకు అరగంట కాలము చాలును. ఇంత కొద్ది నేలపై మూడు వందల ఏండ్లకు పైగా గోలకొండ ప్రభువులు, మొగలులు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు, ఆర్మీనియా దేశస్థులు తమ గుర్తులను విడిచిరి. అందఱకును చోటిచ్చిన యీ నగరమున, ఈ నేల భాషయగు తెలుగు మాత్రము తన చోటును సంపాదించుకొనుటకు మిగుల పాటుపడవలసి వచ్చినది. అది యెట్లు జరిగినదో తెలిసికొనుటకు ముందు ఈ ప్రదేశము యొక్క ఉనికిని తెలిసికొనవలెను.

మూసీనది వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, హైదరాబాదు నగరమును రెండు భాగములుగా చీల్చి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లికడ కృష్ణానదిలో కలియుచున్నది. నదికి దక్షిణపు ఒడ్డున మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినారును నిర్మించి నగరమునకు పునాది వేసెను. అదియే నేటి పాతబస్తీ. నదికి ఉత్తరమున నేల క్రమముగా మెరకయగుచు పోవును. నాంపల్లి, ఆబిడ్సు ఈ యుత్తరపు గట్టున నున్నవి. వీనికి మఱికొంత ఉత్తరమున హుస్సేన్‌సాగరము కలదు. ఈ చెరువును ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున 1562లో త్రవ్వించిరి. కాబట్టి ఈ పేటలు దక్షిణమున నదికిని, ఉత్తరమున చెరువునకును నడుమ నున్న మెరక నేలయని గ్రహింపవలెను.

ఈ ప్రాంతము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పై యెత్తున నున్నది. నేల క్రింద నున్నది కఠినమైన నల్లసేనపు రాయి. నాంపల్లికి ఉత్తరమున నున్న నౌబత్ పహాడ్, కాలా పహాడ్ అను గుట్టలును ఈ రాతివే. భూమిపై నున్న మిక్కిలి ప్రాచీనమైన శిలలలో ఇదియొకటి. పేటలోని పాత కట్టడములు పెక్కింటికి ఈ రాయియే గోడయైనది. ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వర్షము కురియును. అందులో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు మాసములలోనే పడును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఇట్టి వర్షమే యొకనాడు ఈ నగరము రూపురేఖలను మార్చినది.

నాంపల్లి యను పేరు ఎట్లు వచ్చినది? గోలకొండను పాలించిన అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో రజా కులీ అను ప్రముఖు డుండెను. ఆయనకు ‘నేక్‌నామ్ ఖాన్’ అను బిరుదు కలదు. నేక్‌నామ్ అనగా పారసీక భాషలో మంచిపేరు గలవాడని అర్థము. ఈ ప్రాంతము ఆయనకు జాగీరుగా నుండెనని చెప్పుదురు. జాగీరనగా కొలువు చేసినవారికి ప్రభువు శిస్తు వసూలు హక్కుతో నొసంగు భూమి. నేక్‌నామ్ ఖాన్ 1672లో మరణించెను. ఆయన సమాధి గోలకొండలో కుతుబ్ షాహీ రాజుల సమాధుల చెంతనే యున్నది. ఆయన బిరుదునకు మన తెలుగు ‘పల్లి’ చేరి నేక్‌నామ్‌పల్లి యైనదనియు, జనుల నోట నలిగి నాంపల్లి యైనదనియు పెద్దలు చెప్పుదురు. ముందు సగము పారసీకము, వెనుక సగము తెలుగు. ఈ పేటలో తరువాత జరిగిన కథయంతయు ఆ పేరులోనే యిమిడి యున్నట్లున్నది.

1687లో మొగలు చక్రవర్తి ఔరంగజేబు గోలకొండ కోటను ముట్టడించెను. ముట్టడి ఎనిమిది మాసములు సాగెను. కడకు లోపలివాని ద్రోహమువలన కోట తలుపు తెఱువబడి, కుతుబ్ షాహీ రాజ్యము అంతరించెను. జయము పొందిన సైన్యము విడిసిన మైదానమునకు ‘ఫతే మైదాన్’ అని పేరు వచ్చినది. ఫతే యనగా జయము. ఆ మైదానముననే నేటి క్రీడారంగమున్నది. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిరి.

ఆ ముట్టడినాటి కథయొకటి నాంపల్లిలో నేటికిని చెప్పుకొందురు. ఒకనాటి రాత్రి పెనుగాలి వీచి మొగలు సైన్యపు గుడారములన్నియు కూలిపోయినవట. దీపములన్నియు ఆరిపోయినవట. ఒక్క గుడారమున మాత్రము దీపము చలింపక వెలుగుచుండగా, ఇద్దఱు సిపాయిలు దాని వెలుతురున ఖురాను పఠించుచుండిరట. వారే యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా. వారిరువురి సమాధులున్న యూసుఫైన్ దర్గా నాంపల్లిలో ప్రసిద్ధము. మతభేదము లేక జనులు అచ్చటికి వచ్చి మ్రొక్కుకొందురు. కోటను గెలిచిన చక్రవర్తిని ఈ పేటలో తలచువారు తక్కువ. దీపము వెలిగించుకొన్న సిపాయిలను తలచువారు ఎక్కువ.

1724లో ఆసఫ్ జాహీ వంశము దక్కనున స్వతంత్రముగా పాలింప మొదలిడెను. ఆ వంశములో రెండవ నిజామైన నిజాము అలీ ఖాను కాలమున రేమండ్ అను ఫ్రెంచి సేనాని ఆయన కొలువులో నుండెను. ఆయన 1795లో ఫతే మైదానము చెంత ఫిరంగులను పోత పోయు కర్మాగారమును నెలకొల్పెను. రేమండ్ 1798లో మరణించెను. ఆ యేడే నిజాము ఆంగ్లేయులతో సైన్యసహకారపు ఒడంబడిక చేసికొనగా, ఫ్రెంచి దళములు రద్దయినవి. కొలిమి చల్లారినది. కాని ఆ పేటకు ‘గన్‌ఫౌండ్రీ’ యను పేరు మాత్రము నిలిచిపోయినది.

ఆంగ్లేయుల ప్రతినిధిని రెసిడెంటు అని పిలిచెడివారు. ఆయన కొఱకు మూసీకి ఉత్తరపు ఒడ్డున కోఠీలో గొప్ప భవనము నిర్మింపబడినది. 1806లో హుస్సేన్‌సాగరమునకు ఆవల సికింద్రాబాదు దండు వెలసినది. దక్షిణమున పాత నగరము, ఉత్తరమున దండు, నడుమ రెసిడెన్సీ. ఈ మూటిని కలుపు త్రోవలు నాంపల్లి, ఆబిడ్సు ప్రాంతమునుండి పోవలసి వచ్చినవి. తోటలును, పొలములును గల పల్లె నగరముగా మారుటకు ఈ త్రోవలే మొదటి కారణము.

త్రోవల వెంట బడులు వచ్చినవి. 1834లో గ్రామర్ స్కూలు వెలసినది. 1887లో నిజాము కళాశాల ఏర్పడినది. 1895లో బాలికల కొఱకు స్టాన్లీ పాఠశాల స్థాపింపబడినది. ఆబిడ్సులో చిరాగ్ అలీ వీధి కలదు. చిరాగ్ అలీ ఆఱవ నిజాము ప్రభుత్వమున ఆర్థికశాఖలో పనిచేసిన పండితుడు. ఆయన 1895లో మరణించెను. 1891లో ఆసఫియా గ్రంథాలయము మొదట ఆబిడ్సులోనే తెఱువబడి, 1936లో అఫ్జల్‌గంజులోని నూతన భవనమునకు తరలింపబడెను. నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమనునది అదియే.

ఇక ఆబిడ్సు పేరునకు కారణమైనవాడు రాజు కాడు, సేనాని కాడు, మంత్రియు కాడు. ఆఱవ నిజామగు మహబూబ్ అలీ ఖాను ఉడుపుల యందు మిక్కిలి ప్రీతి గలవాడు. పురానీ హవేలీలో నున్న ఆయన దుస్తుల అర నేటికిని చూపరులకు వింత గొలుపుచున్నది. ఆయన దుస్తులను, అలంకార వస్తువులను కనిపెట్టుచుండిన సేవకుడు ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మీనియా జాతీయుడు. ఆయన ఈ ప్రాంతమున విదేశపు సరకులతో నొక దుకాణము తెఱచెను. ‘ఆబిడ్ దుకాణము’ అను మాటయే గుర్తుగా మారి, దుకాణము పోయిన పిమ్మట కూడ పేటకు పేరై నిలిచినది. నవాబుల పేరిట నగరమున ఎన్నో మేడలు కలవు. ఒక పెద్ద పేటకు మాత్రము ఒక సేవకుని పేరు వచ్చినది.

నిజాము రాజ్యమున 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలుమార్గము వేయబడెను. 1907లో నాంపల్లి స్టేషను నిర్మింపబడెను. దీనికి హైదరాబాదు దక్కను అనునది అధికారపు పేరు. రైలు పట్టాలు ఇచ్చట ముగియును. అనగా, వచ్చిన బండి ముందునకు సాగక, వచ్చిన త్రోవనే మరలిపోవలెను. ఇట్లు పయనము ముగియు చోటగుటచే దీని చుట్టును సరాయిలు, పూటకూళ్ల యిండ్లు, దుకాణములు పెరిగినవి. సరాయి యనగా బాటసారులు దిగు సత్రము.

స్టేషను వచ్చిన మరుసటి యేడే ఉపద్రవము కలిగెను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది కనివిని యెఱుగని రీతిగా పొంగెను. వంతెనల మీదుగా నీరు పారెను. నది యొడ్డున నున్న పేటలు కొట్టుకొనిపోయెను. సుమారు 15,000 మంది ప్రాణములు గోల్పోయిరి. అఫ్జల్‌గంజు దవాఖానా ఆవరణలోని యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతుకగల్గిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు వచ్చి, వరదను ముందే ఆపుటకు జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఆ సూచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడినది. నదీతీరపు పల్లము ఎంత యపాయకరమో ప్రజలు కన్నులార చూచిరి. మెరక నేలయు రైలు వసతియు గల యుత్తరపు పేటలు అటుపిమ్మట త్వరగా పెరిగినవి. మొదట త్రోవ, తరువాత రైలు, పిదప వరద — ఈ మూడును కలిసి నగరమును ఉత్తరమునకు లాగినవని చెప్పవచ్చును.

నాంపల్లి స్టేషనుకు చేరువలో ‘బాగె ఆమ్’ కలదు. దీనినే పబ్లిక్ గార్డెన్సు అందురు. మహబూబ్ అలీ ఖాను నలువదవ జన్మదినోత్సవము 1905లో జరిగినపుడు, నగర ప్రజలు చందాలు వేసికొని ఆయన గౌరవార్థము ఇచ్చట నొక పురమందిరము కట్టుటకు పూనుకొనిరి. అది 1913లో పూర్తియైనది. అప్పటికి మహబూబ్ అలీ ఖాను కాలధర్మము నొంది రెండేండ్లైనది. రాజును గౌరవించుటకు ప్రజలు కట్టిన ఆ తెల్లని మేడలో, 1952 సాధారణ ఎన్నికల పిమ్మట ప్రజలెన్నుకొన్న శాసనసభ సమావేశమాయెను. ఆ తోటలోనే పురావస్తుశాల కలదు. 1930లో తెఱువబడిన ఈ శాలలో ఈజిప్టు దేశపు మమ్మీ యొకటి భద్రపరుపబడి యున్నది. మమ్మీ యనగా మూలికలు, లేపనములతో చెడకుండ కాపాడబడిన ప్రాచీన కాలపు శవము.

ఇంత వఱకు చెప్పిన పేర్లలో పారసీకము కలదు, ఫ్రెంచివారి తలపు కలదు, ఆంగ్లము కలదు. తెలుగు ఏమైనది? నాటి హైదరాబాదు సంస్థానములో సుమారు సగము మంది మాతృభాష తెలుగు. అయినను కచ్చేరీలలోను, ఉన్నత విద్యలోను ఉర్దూభాషయే నడచుచుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడి, 1919లో నిజాము కళాశాలకు చేరువనున్న భవనమున తరగతులు మొదలైనవి. ఆంగ్లమునకు బదులుగా ఒక దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట గొప్ప సాహసము. అది భారతదేశమునకే మార్గదర్శకము. కాని ఆ దేశభాష ఉర్దూ. పల్లెనుండి వచ్చిన తెలుగు బాలునకు అదియు నొక పరభాషయే.

ఈ లోటును గుర్తించినవారు అంతకు ముందే పని మొదలుపెట్టిరి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. ఆ గ్రంథాలయము ఆబిడ్సునకు చేరువనున్న సుల్తాన్‌బజారులో నేటికిని నడచుచున్నది. 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహము ఆబిడ్సు ప్రాంతమున వెలసి, చదువు కొఱకు పల్లెలనుండి వచ్చు బాలురకు నీడనిచ్చెను. దీని స్థాపనకు ముఖ్యుడు, తరువాత నగర కొత్వాలుగా పేరుగాంచిన రాజా బహదూర్ వేంకటరామారెడ్డి.

1921 నవంబరు మాసమున నగరములో సంఘసంస్కరణ మహాసభ జరిగెను. సభాస్థలము ఆబిడ్సునకు దూరము గాని వివేకవర్ధినీ నాటకశాల. అధ్యక్షుడు స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన మహానుభావుడు ధోండో కేశవ కర్వే. వక్తలు ఆంగ్లమునను, ఉర్దూలోను, మరాఠీలోను ప్రసంగించిరి. సభికులు విని సంతోషించిరి. ఆలంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడెను. వెంటనే సభలో గేలి, చప్పట్లు, కేకలు బయలుదేఱెను. ఆయన ప్రసంగమును ముగింపలేక కూర్చుండవలసి వచ్చెను. సంఘమును సంస్కరించుటకు కూడిన సభయే తెలుగుమాటను వినుటకు సహింపలేదు.

ఆ యవమానమును అచ్చటి తెలుగువారు కోపముతో మఱచిపోలేదు, కలహముతో తీర్చుకొనలేదు. ఆ రాత్రియే వారు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై, ఆంధ్ర జనసంఘమును నెలకొల్పిరి. ఆ సంఘము గ్రంథాలయములను ప్రోత్సహించెను, పాఠశాలలను స్థాపించెను, పాత తాళపత్రములను, శాసనములను సేకరించెను. ఆ యుద్యమమునకు ప్రాణము వంటివాడు మాడపాటి హనుమంతరావు. 1951లో ఆయనయే హైదరాబాదు నగరమునకు మేయరయ్యెను. తెలుగు మాటను గేలిచేసిన నగరమే ముప్పది యేండ్లలో తెలుగు ఉద్యమ నాయకుని తన ప్రథమపౌరునిగా గౌరవించెను.

రెడ్డి వసతిగృహమునకు వార్డెనుగా నుండిన సురవరము ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ను స్థాపించెను. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాయగా, ఆయన మాటలతో వాదింపక, 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. 1943లో ఆబిడ్సు చెంత బొగ్గులకుంటలో నేడున్న ఆంధ్ర సారస్వత పరిషత్తు స్థాపింపబడెను. అది పరీక్షలు నడిపి వేలమందికి తెలుగు నేర్పెను. 2014 పిమ్మట దానికి తెలంగాణ సారస్వత పరిషత్తు అను పేరు వచ్చినది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడి నాంపల్లి తోటలోనే కొలువు తీరినది. ఆ విశ్వవిద్యాలయమునకు కొలదికాలము క్రిందట సురవరము ప్రతాపరెడ్డి పేరు పెట్టబడినది. ఒకనాడు నాటకశాలలో నిలువనీడ దొరకని భాషకు నాంపల్లిలో విశ్వవిద్యాలయమే యమరినది.

నాంపల్లి పేరు వినినంతనే బాలురకు జ్ఞప్తికి వచ్చునది నుమాయిష్. నుమాయిష్ అనగా ప్రదర్శన. సంస్థానపు ఆర్థిక పరిస్థితులను పరిశీలించుటకు కావలసిన ధనమును కూడబెట్టు తలంపుతో ఉస్మానియా పట్టభద్రులు 1938లో దీనిని బాగె ఆమ్‌లో మొదలుపెట్టిరి. నాడు దుకాణములు సుమారు 50. మూలధనము రెండున్నర రూపాయలని చెప్పుదురు. 1946లో ప్రదర్శన నేటి మైదానమునకు మారినది. 1947, 1948 సంవత్సరములలో దేశమునందలి కల్లోలముచే ఇది జరుగలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట, 1949లో చక్రవర్తుల రాజగోపాలాచారి దీనిని తిరిగి ప్రారంభించిరి. నేడు ఏటేట జనవరి 1వ తేదీన మొదలై సుమారు నెలన్నర నడచును. కాశ్మీరపు శాలువలు మొదలు మన జిల్లాల చేనేత వఱకు అన్నియు నొక్కచోట దొరకును. వచ్చిన ఆదాయముతో ఆ సంఘము విద్యాలయములను నడుపుచున్నది. మైదానము చెంతనున్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము వానిలో నొకటి.

ఈ నేల ఉత్సవములనే గాక వేదనలను కూడ చూచినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైదరాబాదు దాని రాజధాని యైనది. 1969లో ప్రత్యేక తెలంగాణ యుద్యమమున పెక్కుమంది యువకులు ప్రాణములు గోల్పోయిరి. వారి స్మృత్యర్థము శాసనసభ కెదురుగా గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు అను శిల్పి చెక్కిన స్తూపము నిలిచినది. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము అవతరించెను. నాటినుండి పెద్దలు పదవులు చేపట్టునపుడు అచ్చట పూలుంచి నమస్కరించుట పరిపాటియైనది.

నాంపల్లికిని ఆబిడ్సునకును నడుమ మొజంజాహి మార్కెట్టు కలదు. 1935లో నల్లసేనపు రాతితో కట్టిన ఈ అంగడికి ఏడవ నిజాము రెండవ కుమారుని పేరు పెట్టిరి. కాలక్రమమున ఇది మురికి పట్టి పాడువడెను. దీనిని శుభ్రపఱచి, పైకప్పును గడియారమును బాగుచేసి, 2020లో తిరిగి ప్రజల కప్పగించిరి. పాతది పాడైన యెడల కూల్చుటయే గాక, నిలుపుటయు సాధ్యమేయని ఈ కట్టడము చాటుచున్నది. 2018లో నాంపల్లి మీదుగా మెట్రోరైలు నడచినది. పట్టాలు ముగియు పాత స్టేషనుకు చెంతనే, ఆకాశమున ఆగని పట్టాలు సాగుచున్నవి.

ఆదివారమున ఆబిడ్సులో దుకాణములు పెక్కు మూసియుండును. అప్పుడు కాలిబాటలపై పాతపుస్తకముల అంగడి వెలయును. తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్ల గ్రంథములు ప్రక్కప్రక్కనే పఱచియుండును. ఒక భాష పుస్తకము మఱియొక భాష పుస్తకమును గేలిచేయదు. చదువు ప్రియులు తమకు కావలసిన దానిని వంగి యేరుకొనుచుందురు. 1921లో సభికులకు తెలియని మర్యాద ఈ కాలిబాటకు తెలిసినది.

నేక్‌నామ్ ఖాన్ జాగీరు నేడు లేదు. ఆబిడ్ దుకాణము లేదు. రేమండ్ కొలిమియు లేదు. పేర్లు మాత్రము నిలిచినవి. పేరు నిలుచుట యదృష్టము. భాష నిలుచుట పరిశ్రమ. ఆ పరిశ్రమ యెవరు చేసిరో తెలిసికొనుట చదువుకొన్నవారి విధి. ప్రతి విద్యార్థియు తన యూరి పేరు, వీధి పేరు, చెరువు పేరు ఎట్లు వచ్చినవో యింటి పెద్దల నడిగి వ్రాసి యుంచుకొనవలెను. పెద్దలు చెప్పగలిగిన కాలముననే అడుగవలెను. ఊరి చరిత్రమునకు మొదటి పుట అదియే యగును.